మూడో ముడి

పాతికేళ్ళ కిందటి తన పెళ్ళి కేసెట్‌లో బొమ్మ గెంతుతోందని ఆవిడ కొత్తపేటలో వీడియో ఆయన ఇంటికి తెచ్చింది. కంప్యూటర్‌లో సాఫీగా నడుస్తున్న పెళ్ళి చూస్తూ ముళ్ళు లెక్కపెట్టుకుంది.

“మావారు రెండే ముళ్ళు వేసేరని ఇన్నేళ్ళూ దెప్పేనండి. పాపం, మూడూ వేసేరు.”

“కేసెట్‌లో రెండేనండి. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉంటే, కంప్యూటరే ఊహించుకుని కొత్త బొమ్మ పెడుతుందండి.”

“అయితే మూడో ముడి మావారు వెయ్యలేదాండి?”

“ఆయ్, కంప్యూటర్ వేసిందండి.”

ఆవిడ గబుక్కున లేచి, పైట భుజాల నిండా కప్పుకుంది.

“కూర్చోండమ్మా. అప్పగింతలు కూడా సాఫీ చెయ్యాలంటే కంప్యూటర్ ఇంకో గంట పనిచెయ్యాలి.”

“పరవాలేదండి. వారు పనిచేస్తుంటే నేనెలా కూర్చుంటానండి?”