సగం ధరకొచ్చిన జీపీఎస్

టాటానగర్ దగ్గర సాక్చి బజారులో ఒక సైకిళ్ల కొట్టు. గణపతిరావు టాటానగర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. కాలేజీలో చదువుతున్న కూతురు బిందుప్రియ సైకిలు రేసులకి వెళ్తుంది. హేండిల్‌కి బిగించే జీపీఎస్ మిషను, పాత మోడలు, కొట్టు యజమాని మనోజ్ సగం ధరకి ఇస్తానని కౌంటరు మీద పెట్టి మరో బేరానికి అటు వెళ్ళాడు.

“పాతదంటే ఏటి పాతది? సీలు కూడా తియ్యలేదు.”

“బ్యాటరీ పోయుంటాది నాన్న. ఊరికే పడుంటే పోతాది.”

“మనోజ్ గ్యారంటీ ఇత్తానన్నాడు.”

“మ్యాప్ సరిగ్గా రాదు. ఉత్త గీత చూపిత్తాది.”

“గీత చాలదా? కద్మా నుంచి డిమ్నా దాకా దారి నీకు తెలీదా ఏటి?”

“తెలుసు. అందుకే వద్దంటన్నాను. రహ్నే దో, వదిలెయ్.”

“మొన్నటిదాకా నువ్వే కదే అడిగేవు. స్పీడు తెలాలి, గుండె ఎలా కొట్టుకుంటందో తెలాలి అని నా పేణం తీసేవు.”

“అప్పుడడిగేను. ఇప్పుడక్కర్లేదు.”

“కొత్త మోడలు కావాలా? అలాగని చెప్పు. బతిమాలించుకోకు.”

“కొత్తదీ వద్దు. అద్దాల బీరువాలో అదిగో, వైరుది. చక్రానికి కడతారే, అది చాలు.”

“అది స్కూలు పిల్లలు పెట్టుకునేది. స్పీడు తప్ప ఏటీ చెప్పదు.”

“నాకదే కావాలి.”

“నవ్వుతారు. మనోజ్ నవ్వుతాడు, కోచ్ సారు నవ్వుతారు. ఇది ఇక్కడ తక్కువకొస్తందని ఫోన్ చేసి చెప్పింది ఆయనే. ఎవుడు చేత్తాడలాగ?”

“ఆయనే చెప్పేరా?”

“ఆయనే. పాతదైనా పర్లేదు, లైవ్ ట్రాకింగుంటే చాలన్నారు. నువ్వెక్కడున్నావో ఆయన ఫోన్లో చుక్కలాగ కనిపిత్తాదట. పడినా, లారీ గుద్దినా తెలిసిపోద్దట. మంచిదే కదా.”

“ఇంకెవరికైనా కొనమన్నారా?”

“ఇంకోళ్ల సంగతి నాకెందుకు?”

“నాతో తొక్కే పద్మశ్రీకి చెప్పలేదు. ఇంద్రాణికి చెప్పలేదు. నాకే.”

“నువ్వు బాగా తొక్కుతావు కాబట్టి. నీకేమో పొగరెక్కింది.”

“పొగరు కాదు.”

“మరేటి? ఆయన పేరు పంపితేనే సెలక్షను. సెలక్షనైతేనే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. నాలాగ గ్రీజులో కాదు, ఫ్యాను కింద కూచుంటావు. ఇంత మిషనుకి అంత గొడవేటి?”

“మెల్లిగా. మనోజ్ చూత్తన్నాడు.”

“చూడనీ.”

“నేను రోజూ దారి మార్చుకుంటన్నాను నాన్న. డిమ్నా అని చెప్పి నది పక్క మెరైన్ డ్రైవ్ వైపు పోతన్నాను. ఒకోరోజు గమ్హరియా.”

“ఎందుకు?”

“సారు కారేసుకుని వెనకాలొత్తన్నారు. మనుషుల్లేని చోట ఆపుతారు. దిగమంటారు. కాలు చూడాలి, నొప్పుందా అంటారు.”

“కోచ్ అన్నాక కాళ్లు చూడరా?”

“నాన్న.”

“ఊఁ.”

“చూడ్డం కాదు. ఇంకా ఎలా చెప్పను నీకు? ఇది కొన్నావంటే నాకు దాక్కోడానికి రోడ్డుండదు.”

“ఎవరికైనా చెప్పేవా?”

“అమ్మకి చెప్పేను. హోలీకి ముందు. నాన్నకి చెప్తాను, ఆయన చూసుకుంటారు అంది. నువ్వేటీ అడగలేదు. అమ్మే భయపడి నీకు చెప్పలేదనుకున్నాను.”

“పద, బైటికెళ్ళి మాటాడదాం.”

“చెప్పలేదు కదా నాన్న?”

“మనోజ్ వత్తన్నాడు, పద.”

“చెప్పలేదు కదా?”

“చెప్పింది. సెలక్షన్ అయ్యేదాకా కదపొద్దని నేనే అన్నాను.”