అత్తగారు చదివిపెట్టిన ట్రాక్టరు పుస్తకం

మాన్యువలా? కొత్త ట్రాక్టరుకి నమ్మకమైన రిపేరు పుస్తకం ఎక్కడ దొరుకుతుందని పోయి పోయి నన్నడుగుతున్నావా రస్సెల్? కూచో. ఆ కుర్చీ కాదు, దానికో కాలు ఊగుతుంది, ఇటు కిటికీ పక్కకి రా. ఫోన్లో వెతికావా? దొరక్కేం, ఒకటికి పది దొరుకుతాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతనుండదు. హాల్వర్ బకెన్ సంగతి నీకు తెలీదు కదూ. అప్పటికి మీ నాన్నకింకా పెళ్లి కూడా కాలేదు. మా పొలానికి ఉత్తరాన వాళ్ళ పొలం. నార్వే నుంచి ఇక్కడికి వలసొచ్చినవాళ్ళ పిల్లాడు, టెలిఫోను స్తంభమంత మనిషి. మామూలుగా నోరు విప్పడు. విప్పితే మాత్రం సరిగ్గా విప్పకూడని చోట విప్పుతాడు. వాడు ఉక్రెయిన్ వాళ్ళ పిల్లని చేసుకున్నాడు, ఒరీసియా అని, మంచి పిల్ల. ఆ పిల్లకి వాళ్ళమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ తల్లి పేరు పరస్కా. ఇంతే ఉండేది మనిషి, నా మోచెయ్యి దాకా, తలకి పూల గుడ్డ కట్టుకొని. నేను చెప్పబోయేది ఆవిడ గురించే. హాల్వర్ కూడా ఉంటాడనుకో. పెళ్లినాడు ఏమైందంటే, ఆవిడ రెండ్రోజులు పొయ్యి దగ్గరే నిలబడి బీట్‌రూట్ పులుసు కాసింది, బోర్ష్ అంటారే, ఎర్రగా, పైన మీగడ వేసి. మనవాడు గిన్నెలోకి తొంగిచూసి, పదిమంది ముందు, "ఇది తాగడానికా, కొట్టానికి వెయ్యడానికా?" అన్నాడు. వాడి మనసులో అది జోకు! మరి మన కొట్టాలన్నీ ఎర్ర రంగే కదా. నేను నవ్వాను కూడా, అబద్ధమెందుకు. ఆవిడ గరిటె కింద పెట్టింది. అంతే. ఆ రోజునుంచి అల్లుడితో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.

అలాగని దూరంగా ఉందా, లేదు. అదే పెరట్లో ఆవిడకోసం కట్టిన చిన్నింట్లో ఉండేది. రోజుకి పదిసార్లు ఎదురుపడాలి. మరెలా అంటావా? సిర్కో అని కుక్కొకటి ఉండేది, బూడిద రంగుది. దాంతో చెప్పేది. "సిర్కో, ఆ పొడుగాయన తలుపు వెయ్యకుండా పోయాడు, చలి వస్తోందని చెప్పు." "సిర్కో, ఆయన బూట్ల మట్టి నేనిప్పుడే తుడిచిన నేల మీదుంది, చూపించు." వీడేమో అక్కడే నిలబడి కుక్క వంక చూసేవాడు, అది తోకాడించేది. ఏళ్ళ తరబడి అదే వరస. మా ఆవిడ అనేది, "ఆ ఇంట్లో బుద్ధున్నది ఆ కుక్కొక్కటే ఎమిల్" అని.

ఇక ట్రాక్టరు సంగతికొస్తా. వస్తున్నాగా, తొందరెందుకు, బయట ఎలాగూ వాన. హాల్వర్ పాతదాన్ని అమ్మేసి రష్యాలో చేసిన కొత్త ట్రాక్టరు కొన్నాడు. చవగ్గా వచ్చింది. రైతుల కో-ఆప్ కొట్లో కాఫీ దగ్గర అందరూ ఒకటే వేళాకోళం. "చలికాలం రానీ హాల్వర్, దానికి డీజిలు కాదు, వోడ్కా పొయ్యాలి." "తిరగమంటే ఎడంవైపుకే తిరుగుతుందటగా?" బండి మంచిదే, నే చూశాను, ఏనుగులా లాగేది. చిక్కల్లా పుస్తకం. పెట్టెలోంచి తీస్తే ఇంత లావు పుస్తకం, పేజీ పేజీకి బొమ్మలు, అక్షరాలన్నీ రష్యన్. అమ్మినాయన దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇంగ్లీషుది వెనకాలే వస్తోంది" అన్నాడు. వెనకాలంటే ఎంత వెనకాలో చెప్పలేదు.

మే నెల నడిమధ్య, గోధుమ విత్తనం సగం చేను పడింది, ట్రాక్టరు ఆగిపోయింది. వాడి పొరపాటే, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపాడు, గొట్టంలోకి గాలెక్కింది. మళ్ళీ డీజిలు పోస్తే మాత్రం తీసుకుంటుందా? బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫు కొట్టాడు. అక్కడ ఏ మర ఎందుకో, దేన్ని తిప్పితే ఏమూడుతుందో ఎవడికి తెలుసు? నేనూ వెళ్ళి ఓ చెయ్యి వేశాను, వేసి ఉన్నది కాస్తా ఇంకా చెడగొట్టానేమో కూడా. పడమర నల్లగా కమ్ముకొస్తోంది. పోయినేడాది విత్తనం ఆలస్యమై, పచ్చి చేను మీద మంచుపడి, మూడొంతులు పశువుల మేతకి పోయింది వాడికి. ఈసారీ అలాగే అయితే పొలం నిలవదు. ఒరీసియా గడప మీద నిలబడి చెప్పింది, "మా అమ్మ రష్యన్ చదువుతుంది. వాళ్ళూళ్ళో బడి అంతా అందులోనే. అడిగాను. చదువుతానంది. కానీ ఆయనే వచ్చి అడగాలంది."

హాల్వర్ మొహం చూడాలి నువ్వప్పుడు! పన్ను పీకించుకోడానికి పోతున్నట్టు పోయాడు, టోపీ చేత్తో పట్టుకొని. తోడు రమ్మన్నాడు నన్ను. నేనూ పోయాను, అంత తమాషా ఎందుకొదులుకుంటాను? "అత్తగారూ, కాస్త చదివిపెట్టాలి" అన్నాడు, నేలకేసి చూస్తూ. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది, ఎంతసేపు తుడిచిందంటే, అద్దం అరిగిపోతుందేమో అనుకున్నాను. పుస్తకం తెరిచింది. వేలు పెట్టి, చర్చిలో చదివినట్టు చదివింది. "గాలి ఎక్కినప్పుడు చెయ్యవలసిన పని. మొదటిది. ట్రాక్టరు ముట్టుకునేముందు నడిపేవాడు మోచేతులదాకా చేతులు కడుక్కొని, వేడిగా ఒక గిన్నెడు పులుసు తాగవలెను. ఖాళీ కడుపు మనిషి మర వంకరగా బిగించును." హాల్వర్ నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను. "అలా రాశారా?" అన్నాడు. "అచ్చులో ఉంది" అంది ఆవిడ పుస్తకంతోనే, వాడితో కాదు. అప్పటికే పొయ్యి మీద కుండ ఉడుకుతోంది, ఎర్రగా. కూచున్నాడు, తాగాడు. మొదటి చెంచాకి కళ్ళు మూసుకున్నాడు, మూడో చెంచాకి తెరిచాడు. గిన్నె నాకేసినంత పని చేశాడనుకో. అప్పుడు తిప్పింది రెండో పేజీ. ఫిల్టరు నెత్తిన ఉన్న చిన్న మర వదులు చెయ్యాలి, పక్కనున్న చేతి పంపు కొడుతూనే ఉండాలి, నురగపోయి డీజిలు తీగలా సాగేదాకా, అప్పుడు బిగించాలి. మా బండి బ్యాటరీ పట్టుకెళ్ళి తగిలించాం. ఒక్క పట్టున లేచింది! వానకి ముందే చేనంతా విత్తేశాడు.

ఇక చూస్కో. ఆ వేసవంతా ట్రాక్టరుకి చీమకుట్టినా పుస్తకం పట్టుకొని అత్తగారింటికి పరుగు. పుస్తకం తెరిచున్నంతసేపే ఆవిడ మాట, మూసిందా, మళ్ళీ కుక్కే. ఆ పుస్తకంలో ఏం లేవంటావు! "పుస్తకమును తడి తగలని చోట ఉంచవలెను." దాంతో ఆవిడింటి కప్పు కారుతోందని వీడు కొత్త చెక్కలు కొట్టాడు. "చలికాలమున పుస్తకము బిగుసుకుపోకుండా పొయ్యి ఆరనీయరాదు." కట్టెలు కొట్టి గోడ ఎత్తున పేర్చాడు. "ఇంటి ఆడమనిషి మీద గొంతు లేపిన రోజున క్లచ్చి ముట్టరాదు." అది ఒరీసియా కోసం వేసిన పేజీ. జనవరిలో వాళ్ళ క్రిస్మస్ పండగ వస్తుందే, మనది అయిపోయాక, ఆ రోజు ఇంజను ఊరకే తిప్పినా బేరింగులు పోతాయట! హాల్వర్ కో-ఆప్‌లో అందరికీ చెప్పేవాడు, "మీరు నవ్వండి గానీ, ఆ రష్యావాళ్ళు మహా జాగ్రత్తపరులు. ప్రతిదీ ఆలోచించి రాశారు." మేమందరం కాఫీ కప్పుల్లో మొహాలు దాచుకునేవాళ్ళం. చెప్పేద్దామని ఒకరిద్దరికి నోటిదాకా వచ్చింది. నేనే ఆపాను. వాడి బండి నడుస్తోంది, పులుసు తాగుతున్నాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు, ఎవడికి నష్టం?

ఆ మరుసటి ఏడు మార్చిలో వచ్చింది ఇంగ్లీషు పుస్తకం, పోస్టులో. నేనక్కడే ఉన్నాను, మేకుల డబ్బా తిరిగివ్వడానికెళ్ళి. వంటింటి బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టుకొని, బొమ్మకి బొమ్మ సరిపెట్టి చదివాడు. ఫిల్టరు ఉంది, మర ఉంది, చేతి పంపు ఉంది. పులుసు లేదు. కప్పు లేదు, కట్టెలు లేవు. చెవులు ఎర్రబడ్డం చూశాను, అయిపోయింది, ఇవాళ పెరట్లో రక్తపాతమే అనుకున్నాను. చాలాసేపు పేజీలు తిప్పి తిప్పి, మెల్లగా అన్నాడు కదా, "ఇది అసలు పుస్తకం కాదు ఎమిల్. చాలా పేజీలు ఎగ్గొట్టారు." లేచి, దాన్ని చంకలో పెట్టుకొని చిన్నింటికి నడిచాడు. వెనకాలే నేను. తలుపు తీసే ఉంచి, గది మధ్యలో నిలబడి, పుస్తకం తెరిచి, అచ్చం ఆవిడ గొంతుతో, ఆవిడ లాగే వేలు పెట్టి చదివాడు. "చదివిపెట్టువారు నడుపువానితో నేరుగా మాట్లాడవలెను. నడుమ కుక్కను పెట్టరాదు." ఆవిడ చేతిలో బంగాళదుంప అలాగే ఆగిపోయింది. కళ్ళజోడు పైనుంచి చూసింది వాణ్ణి. "ఏ పేజీ?" అంది. "పద్నాలుగు." తన చెయ్యి తుడుచుకొని, తన పుస్తకం తీసి, వేలు తడి చేసుకొని పద్నాలుగో పేజీ తిప్పింది. అక్కడ వెనక చక్రం బొమ్మ ఒక్కటే ఉంది, నాకు కనపడుతోంది! ఆ చక్రాన్ని ఎంతసేపు చూసిందో. "ఉంది," అంది చివరికి. "ఇన్నాళ్ళూ నా కళ్ళజోడుకి ఆనలేదు." పుస్తకం మూసేసింది. మూసేసి, మొహంలోకి చూసి, "అల్లుడూ, ఆ తలుపెయ్యి, చలి" అంది.

తర్వాత కలిసిపోయి ముద్దలు తినిపించుకున్నారనుకున్నావా? నేరుగా తిట్టుకోవడం మొదలెట్టారు! అబ్బో, అది చూడాలి, మా పొలానికి వినపడేది. సిర్కోకి పని పోయింది పాపం, పొయ్యి దగ్గర పడి నిద్రపోయేది. కొత్త పేజీలు మాత్రం ఆగలేదు, ఇద్దరివైపునించీ. ఆవిడ పోయేదాకా అలాగే నడిచింది. పోయింది మంచు కరిగే రోజుల్లో, కట్టెలింకా సగం మిగిలుండగానే. హాల్వర్ కొన్నేళ్ళకి ట్రాక్టరు అమ్మకానికి పెట్టాడు. ఎక్కడో దూరంగా మానిటోబా నుంచి ఒకాయనొచ్చి, అంతా చూసి, పుస్తకముందా అనడిగాడు. హాల్వర్ లోపలికెళ్ళి ఇంగ్లీషుది తెచ్చిచ్చాడు. ఆయన తిరగేస్తూ, "ఇంకేదో రష్యన్‌ది కూడా ఉండాలే?" అన్నాడు. "అది అమ్మకానికి లేదు." "సరే, ఇది నమ్మదగిందేనా మరి?" అన్నాడాయన. హాల్వర్ ఆ చిన్నింటికేసి చూశాడు కాసేపు. చూసి, "ట్రాక్టరు వరకైతే నమ్మొచ్చు" అన్నాడు.

ఊఁ.

అదుగో, చూడు చూడు, ఆ లారీ వెనక తలుపు సరిగ్గా వెయ్యలేదు వాడు, రోడ్డంతా గింజలే! ఎవడ్రా అది, మీ పెద్దమ్మ కొడుకు కాదూ? పిలు, పిలు!