డిస్కుకు తాళం

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో దివాకర్ ఫోటో స్టూడియో. షట్టరు ఇంకా సగమే లేచింది. ఈశ్వరయ్య అప్పటికే లోపల కుర్చీలో ఉన్నాడు.

“గందుకే చెప్తున్న దివాకరూ, దీనికి తాళమెయ్యి.”

“డిస్కుకు తాళమేంది పెద్దబాపూ? ఇదేమన్న బీరువనా?”

“డిస్కని నాకు తెల్వదా? తీసింది నేనే. కంప్యూటర్ల ఎక్కించింది నా మనుమరాలు శివాని. ఎవ్వరు కాపీ కొట్టకుంట లాక్ ఉంటదంట గద, గాపిల్లనే చెప్పింది. గది నీకొస్తదని పొద్దుగాల్నే వచ్చిన.”

“నీ డిస్కు ఎవరు కాపీ కొడ్తరు? బజార్ల అమ్ముతున్నరా ఏంది?”

“బజారోళ్ళైతే నాకు ఫికరే లేదు. ఇంటోళ్ళు.”

“ఇంటోళ్ళా?”

“నా పెద్దకొడుకు కొండల్ కొట్టిండు. చిన్నోడు బాలేష్ కొట్టిండు. బడంగ్‌పేట్‌ల నా బిడ్డ స్వప్న, కొత్తింటి దావత్‌ది నేనే తీసిస్తె, గది గూడ కొట్టింది. గిది మొన్న శివాని డిగ్రీ పాసైన దావత్‌ది. దీన్నన్న కాపాడాలె.”

“కొట్టనియ్యి పెద్దబాపూ, నీదేం పోతది? చాయ్ తాగుతవా?”

“చాయ్ వద్దు. తాళమెయ్యి.”

“తను తీసిన వీడియో నలుగురు చూస్తున్నరంటె ఎవ్వరన్న సంబురపడ్తరు. నువ్వేంది?”

“దిష్టి తగుల్తది.”

“డిస్కుకా?”

“గీతలు గూడ వడుతున్నయి.”

“కాపీ కొడితె అసలుదానికి గీతలు పడయి. ఇంక మంచిగ బీరువల పడుంటది.”

“అడ్డం ప్రశ్నలేస్తున్నవ్ గని తాళం సంగతి చెప్తలేవు. మాట పెడితె తెరుసుకుంటదంట గద, పాస్‌వర్డు?”

“నీ ఏటీఎం నంబరే మతికుండదని ఇంటి గోడ మీద రాసుకున్నవ్. దీని పాస్‌వర్డు ఎక్కడ రాస్తవ్? అసలు సంగతి చెప్పు, తర్వాత చూద్దాం.”

“నా మాట కోసేస్తున్నరు.”

“ఆ?”

“నా మాటరా! కెమెరా పట్టుకొని తీస్కుంట, ఎవరు ఎవరో చెప్తుంట గద. ఈయన ఫలాన, మా అమ్మ తరఫు. ఈమె ఫలాన, చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్నది. గదంత తీసేసి డీజే పాటలేసి పంచుతున్నరు. మొన్న బడంగ్‌పేట్ పోయిన. టీవీల నా డిస్కే. అల్లుడు, ఆయన చుట్టాలు అందరు కూసొని చూస్తున్నరు. బొమ్మ నాదే, గొంతు లేదు. డుం, డుం, డుం. అన్నం తిన్న, చెయ్యి కడుక్కున్న, బస్సెక్కి వచ్చిన.”

“పాటలుంటే జర జోష్ ఉంటదని ఏసుంటరు...”

“జోషా? మా తమ్ముడు ఐలేష్ యాదికున్నడా నీకు?”

“ఎందుకుండడు. ఈ ఎండకాలమే గద పాయె...”

“స్వప్నింటి దావత్‌ల వాడు అన్నం గిన్నె దగ్గర నిలబడ్డడు. నేను ఎన్కకెళ్ళి, ‘ఓ ఐలేషా, తినుడేనా, వడ్డించుడు గూడ ఉందా?’ అన్న. వాడు ఇటు తిరిగి నోరంత తెరిచి నవ్విండు. నా డిస్కుల గట్ల ఉంటది. వీళ్ళ దాంట్ల వాడు ఊకెనే తిరిగి ఊకెనే నవ్వుతడు. ఎవర్ని చూసి నవ్విండో తెల్వదు. పిచ్చోని తీర్గ కనవడ్తడు నా తమ్ముడు.”

“పెద్దబాపూ...”

“మా నాయినది ఒక్క ఫోటో లేదు. గొంతెట్లుండెనో నా పిల్లలకు తెల్వనే తెల్వదు. చేపల వల ఇడిసిపెట్టినంక నేను కెమెరా పట్టింది ఆటకనుకున్నరా?”

“అనుకోలే. గని విను. ఎంత తాళమేసినా లాభం లేదు. టీవీల నడుస్తుంటె ఫోన్ ఎదురుంగ పెట్టి తీస్తరు. అయిపాయె.”

“ఒట్టు గూడ పెట్టి చూసిన. కొండల్, బాలేష్ గట్ల చేసినంక, స్వప్నింటి డిస్కు మొదట్ల మైసమ్మ మీద ఒట్టు పెట్టిన.”

“అవ్, గదేంది పెద్దబాపూ, సొంత పిల్లలను పట్టుకొని ‘కాపీ కొట్టినోళ్ళను మైసమ్మ చూసుకుంటది’ అంటవా? ఎన్కకెళ్ళి మేక అరుస్తుంటె ఇంక భయమైతది...”

“మేకా?”

“అంటే...”

“మేక అరిచినట్టు నీకెట్ల తెల్సు?”

“దావత్ అన్నంక మేక ఉంటది గద. ఉన్నంక అరుస్తది గద.”

“కాపీలల్ల గా ఒట్టును గూడ కోసేసిండ్రు. మేక అరుపు ఉన్నది నా అసలు డిస్కుల. గది నీ చేతికి ఎట్లొచ్చింది?”

“చాయ్ చెప్పనా?”

“దివాకరూ!”

“కోసింది నేనే పెద్దబాపూ.”

“నువ్వా!”

“కొండలన్న వచ్చి అడిగిండు. ఆయన పేరు చెప్పి బాలేషొచ్చిండు. తర్వాత స్వప్న. ‘చుట్టాలు డిస్కు అడుగుతున్నరు, జర మా బాపు మాటలు తీసెయ్యి’ అన్నరు. నేనేం చెయ్యాలె?”

“తాళమెయ్యమని దొంగ దగ్గరికే వచ్చిన్నా నేను!”

“దొంగనా? నువ్వేమేమన్నవో నీకు యాదికుందా?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పిన.”

“గదే బాధ! ‘ఈయన సోమయ్య, మా అల్లుని చిన్నాయన. బట్టలు పెట్టలేదని అలిగి కూసున్నడు. ఎవ్వరు బతిమిలాడకుండ్రి. మటన్ వస్తుంది, ఆయనే లేస్తడు. చూడుండ్రి... చూడుండ్రి... లేసిండు.’”

“లేసిండా లేదా?”

“లేసిండు!”

“మరి?”

“మరేంది? గదే డిస్కు తీస్కపోయి సోమయ్యకు ఎట్లియ్యాలె పెద్దబాపూ? స్వప్న అత్త మారెమ్మ గురించి ఏమన్నవ్?”

“మంచిగనే అన్న.”

“‘ఈమె మా వియ్యపురాలు మారెమ్మ. నాకేం వద్దు, నాకేం వద్దు అనుకుంటనే మటన్ల మూడో బొక్క నములుతుంది.’ గిది మంచిగనా? నీ బిడ్డ ఆ అత్తతోనే ఉండాలె.”

“సంబురానికి అన్నరా. కెమెరా ఎన్క నిలబడితె నాకు నోరు ఊకుండదు.”

“నాకు తెల్సు. కోసేటప్పుడు నేనే కడుపు పట్టుకొని నవ్విన. గని వాళ్ళు నవ్వాలె గద.”

“స్వప్న నాతోని ఎందుకు చెప్పలే?”

“నువ్వు చిన్నబుచ్చుకుంటవని. ‘బాపుకు తెల్వద్దన్నా’ అని ఒకటే బతిమిలాడింది.”

“సరె. తాళమొద్దు.”

“గట్లను. చాయ్ చెప్త...”

“గీ బ్యాగు పట్టు.”

“ఏంది ఇది? కెమెరానా?”

“ఎవరికన్న ఇయ్యి, నువ్వే పెట్టుకో. బిడ్డ కాపురానికి అడ్డమయ్యే నోరు నాకెందుకు? నోరు మూసుకొని తీసుడు నాకు చేతగాదు. ఇంక తియ్య.”

“అరె, కూసో పెద్దబాపూ! అలుగుతె ఎట్ల? నువ్వు సోమయ్య అయినవా ఏంది?”

“జరుగు. బస్సు పోతది.”

“దివాకరన్నా! ఉన్నవా? మా బాపు డిస్కు పని జర అర్జెంటు... అయ్యో. బాపూ! నువ్వేంది ఇక్కడ?”

“రా స్వప్నా, రా. మళ్ల నా మాటలు కోయించెటందుకు వచ్చినవా?”

“అన్నా! చెప్పినవా?”

“నేను చెప్పలే చెల్లె. మేక చెప్పింది.”

“ఏం మేక?”

“ఏ మేకైతేంది బిడ్డా. ఫికర్ వడకు. కెమెరా వీనికిచ్చేసిన. ఇంక మీ అత్తను ఒక్క మాట అన.”

“ఇచ్చేసినవా? అన్నా, నువ్వు తీస్కున్నవా?”

“నేనెక్కడ తీస్కున్న? టేబుల్ మీద పెట్టి పోతున్నడు.”

“బాపూ, ఆ బ్యాగు భుజానికేస్కో. ముందు ఏస్కో, తర్వాత మాట్లాడుదం. నా కొంప ముంచుతవ్.”

“నీ కొంప మునుగుతదనే గద ఇచ్చింది!”

“అత్తమ్మకు తెల్సిపోయింది.”

“అయ్యో! ఎట్ల?”

“నేను బీరువల దాచిన అసలు డిస్కు నీ మనుమడు రోహన్ గాడు తీసి ఏసిండు. నేను కూరగాయలు తీస్కొని వచ్చేసరికి అత్తమ్మ టీవీ ముంగట ఉన్నది. ఇల్లంత నీ గొంతే. సరిగ్గ ‘మూడో బొక్క’ కాడికొచ్చింది.”

“అయిపాయె. ఏమన్నది?”

“రోహన్‌తోని ఎన్కకు తిప్పిచ్చి మళ్ల విన్నది. విని, ‘మీ బాపు లెక్క తప్పిండు, గది నాలుగోది’ అన్నది.”

“ఆ!”

“ఇంక నవ్వుడు. పక్కింటోళ్ళు ఏమైందోనని ఉరికొచ్చిండ్రు. వాళ్ళను కూసోవెట్టి మళ్ల మొదటికెళ్ళి ఏసింది. సోమయ్య మామను పిలిపిచ్చి, ఆయన లేసింది ఆయనకే చూపెట్టింది.”

“సోమయ్య ఏమన్నడు?”

“అలిగిండు.”

“చూసినవా, నేను చెప్పలే?”

“చాయ్ వచ్చింది. లేసిండు.”

“పెద్దబాపూ, నవ్వుతున్నవ్! నేను చూసిన, నవ్వుతున్నవ్!”

“నేనెక్కడ నవ్విన? నువ్వు ఊకో దివాకరూ. బిడ్డా, మీ చిన్నబాపుది గూడ చూసిండ్రా? గిన్నె కాడ...”

“చూసిండ్రు. అత్తమ్మనే అన్నది, ‘ఇన్నొద్దులు ఈయన ఎందుకు నవ్విండా అనుకున్న, వాళ్ళన్న పిలిస్తెనా’ అని.”

“మారెమ్మ అన్నదా గామాట?”

“అవ్. ఇప్పుడు కాలనీల అందరు మాటలున్న డిస్కే కావాలంటున్నరు. దివాకరన్నా, కోసినయి వద్దు, అసలుది కొట్టియ్యి. ఇగో తెచ్చిన. బాపూ, నీ చేతులదేంది, శివాని దావత్‌దా? గది గూడ ఇయ్యి.”

“కష్టం చెల్లె. పెద్దబాపు దానికి తాళమెయ్యమన్నడు.”

“ఏం తాళం?”

“ఏం లేదు బిడ్డా, వాడు ఊకెనే అంటడు. ఇగో, కొట్టుకోమను.”

“ఇంకోటి బాపూ. వచ్చే ఐతారం మా ఆడబిడ్డ కొడుకువి పుట్టెంటికలు. అత్తమ్మ నిన్ను పక్కా తీస్కరమ్మన్నది.”

“వస్త. కెమెరా చార్జింగ్ పెట్టాలె. దివాకరూ, దీని వైరు సరిగ్గున్నదా చూడు జర.”

“వైరు గురించి ఫికర్ చెయ్యకు. అత్తమ్మ దానికి గూడ చెప్పి పంపింది.”

“ఏమని?”

“‘మీ బాపు కెమెరా మరిచిపోయినా మంచిదే గని, నోరు మాత్రం తెచ్చుకొమ్మను’ అని.”