రెండో రెక్కకు బొట్టు

హలో… హలో! ఆ, నేనే వలీ అన్నా. ఆదిమూలం. చంద్రగిరి హైస్కూలు నుంచి.

… దసరా సెలవులే. హెడ్మాస్టరు పరంధామయ్య సార్ తాళంచెవులు నాకిచ్చి ఊరికి పోయినాడు. చిత్తూరుకు ట్రంకాల్ బుక్ చేసి గంట నుంచి ఈడనే కూర్చోనుండా. ఇప్పటికి దొరికినావు.

… నేను బాగుండా. నీ బొమ్మ హెలికాప్టరే బాగలేదు.

… పడలేదు! ఒట్టన్నా, పడలేదు. కువైట్ నుంచి నువ్వు ఒళ్లో పెట్టుకొని తెచ్చిన మిషను, నేను పడేస్తానా? … ఆ, గోడకు తగిలింది నిజమే. అది మొదటి రోజు. ఆ సంగతి నీకు చెప్పినా గదా.

… లేదన్నా, పాఠాలన్నీ నువ్వు చెప్పిన వరసలోనే. నోటుబుక్కులో రాసిపెట్టుకున్నా. చదివేదా? "ఒకటి. ఎప్పుడూ తోక మన పక్క ఉండాల, ముక్కు అవతలి పక్క. రెండు. కన్ను ముక్కు మీద ఉండాల, తోక మీద కాదు. మూడు. రిమోటు డబ్బా మీద ఎడమచేతి కాడ పైకి తోస్తే లేస్తాది, కుడిచేతి కాడ ఎటు వంచితే అటు పోతాది. నాలుగు. భయమేసినా ఎడమచేతి కాడ ఒక్కసారిగా కిందికి లాగగూడదు…"

… నవ్వొద్దు. నేను బీయస్సీ పాసైంది ఇట్లనే, రాసుకొనే. మా వంశంలో ఎవరైనా పాసై ఉంటే వాళ్లనడిగి ఇంకోరకంగా పాసయ్యుందును.

… ఆ, మిషను ఒరగకుండా దాని కాళ్లకింద వెదురుబద్దలు అడ్డంగా కట్టి, కొనలకు నాలుగు ప్లాస్టిక్ బంతులు తగిలించినా. నాలుగు రోజులు నేల మీదనే జారించినా. తర్వాత జానెడు లేపినా. తర్వాత మూరెడు. పోయిన శనివారం నడుమెత్తున ఇరవై లెక్కపెట్టేదాకా నిలబడిందన్నా! ఆ రాత్రి మా ఇంటామె పాయసం చేసింది.

ఇప్పుడేమో వణుకు. చలిజ్వరం వచ్చినట్ల. వేగం పెంచేకొద్దీ కాళ్లు, తోక, బంతులు, అన్నీ గడగడ. లేపేదానికి చెయ్యి రావడం లేదు.

రేపే గదా ఆదివారం. నిమిషం సేపు గాల్లో ఒకే చోట నిలబెట్టకపోతే మిషను ఎత్తుకుపోతానంటివి.

… న్యాయమే అన్నా, కాదన్లేదు. నిలబెట్టలేనోడు పిల్లకాయల ముందర తిప్పగూడదు. కానీ వాళ్లకు చెప్పేసినా గదా, సైన్సు ఎగ్జిబిషన్లో మన బడి హెలికాప్టరు ఎగరతాదని. మా పిల్లకాయలు రేణిగుంట విమానం కడుపే చూసినారన్నా. కింద నుంచి. పైన ఎట్లుంటాదో ఒక్కడికీ తెలియదు.

… ప్లగ్గు మార్చినా. బోల్టులు బిగించినా, రెండుసార్లు. తోకపంకా చక్కగా తిరుగుతాది.

… వణుకు బుధవారం నుంచి. … మంగళవారమా? మంగళవారం దాన్ని ముట్టుకోనే లేదే. ఆయుధపూజ గదా, ఇంట్లోనే ఉంటి.

… ఆ, చేసినాం. చేయకుండా ఎట్ల? మా నాయన పండక్కి ఊర్నుంచి వచ్చిండె. నా సైకిలు, మా ఇంటామె కుట్టుమిషను, కొడవలి, నీ హెలికాప్టరు, వరసగా పెట్టినాం. గంధం, కుంకుమ. టెంకాయ కూడా కొట్టినాం.

… గంధం యాడ పెట్టినాడంటే… రెక్క మీద.

… పెద్దదే. రూపాయి బిళ్లంత. మందంగా. మా నాయన ఏదీ పల్చగా చేసే మనిషి కాదు. ఎండి రాయి మాదిరి ఉండాది.

… ఒక్క రెక్కకేనన్నా. రెండోది గోడపక్కకు ఉండె, ఆయనకు అందలేదు.

… ఏమంటివి? బరువు ఒక్క పక్కకేనా?

… అయ్యో. అయ్యయ్యో! అన్నా, పదో తరగతికి అపకేంద్రబలం చెప్పేది నేనే! పోయిన నెలే చెప్పినా! రాయికి దారం కట్టి తిప్పి మరీ చూపించినా!

… నవ్వు, నవ్వు. నవ్వుకో.

… గీకేసేదా? అది మాత్రం నా వల్ల కాదన్నా. మా నాయన ఈడనే ఉండాడు, వరండాలో. … ఆ, ఆయనే. "నిన్ను చదివించింది బొమ్మలాడేదానికా" అన్నోడే. అట్ల అన్న మనిషి తనంతట తానే గంధం అరగదీసి, ఆ మిషనుకు బొట్టు పెట్టి, దండం పెట్టినాడు. ఈ పొద్దు నేను మిషనెత్తుకొని వస్తుంటే నాతో బడిదాకా నడిచొచ్చినాడు, చూస్తానని. ఆయన ఎదురుగా బ్లేడు తీసుకొని ఆ బొట్టు నేను గీకేదా?

… ఆ? రెండోదానికి కూడా అంత బరువు… టేపా? … ఉండాది, కరెంటు టేపు. ఎర్రదే. … రెక్కలు ఊడదీసి, రెండూ ఒకే బోల్టుకు బిగించి, బోల్టు కొనలు రెండు గాజుగ్లాసుల మీద… అర్థమైంది. తక్కెడ మాదిరి. పైకి లేచిన పక్క టేపు.

హలో? ఆ, ఆపరేటరమ్మా. మూడు నిమిషాలు అయిపోయినాయా? పొడిగించండమ్మా. … ఇంకో మూడు కాదు, నేను చాలనేదాకా. … మీరు విన్నారా? … రెండో రెక్కకు గంధమే పెట్టమంటారా? పచ్చిగంధం తిరిగితే నా మొహాన పడతాదమ్మా. టేపే మేలు.

అన్నా, పెట్టేయొద్దు. కిటికీలో పెడతా రిసీవరు.

నాయనా! ఇట్ల రా. దీని తూకం చూడు… బెల్లం తూకమే అనుకో… ఏ పక్క తేలింది? … ఇంతా? … ఇంకొంచెమా? … చాల్లే… చాలదా?

హలో! అన్నా, సమంగా నిలబడింది. ముప్పై ఏండ్లు బెల్లం మండీలో తక్కెడ ముల్లు చూసిన కన్నది. నేను చాలన్నాక గూడా గోరంత టేపు కత్తిరించమన్నాడు.

… చెప్పలేదు. నేనేమీ చెప్పలేదు. ఆయనే అన్నాడు, "ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే అదెట్ల ఊరుకుంటాది రా" అని. టేపు ఎర్రగా ఉండాది గదా, బొట్టే అనుకున్నాడు. సైన్సంతా చెప్పేసినాడు.

… బిగించినా. … ఇప్పుడేనా? రేపు గదా పరీక్ష? … ఫోన్లోనే? … సరే. లెక్క నువ్వు పెట్టు. మిషను నేల విడిచింది శబ్దంలోనే నీకు తెలుస్తాది గదా. … ఆ, కిటికీలోనే ఉంటాది రిసీవరు, మిషను దాని ముందర మైదానంలో.

వినిపిస్తుందా అన్నా! … వణుకు లేదు! … లేస్తుండాది… లేచింది! … తోక నా పక్క… ముక్కు… ముక్కు… నాయనా, ఇప్పుడు పలకరించొద్దు… కుడికి పోతుండాది… రా, రా, రా తల్లీ… ఆ… నిలబడు… ముక్కు… ముక్కు… దిగు… మెల్లగా… మెల్లగా…

హలో! హలో! ఎంత?

… యాభై ఎనిమిదా? అన్నా! రెండంటే రెండే తక్కువ! నువ్వు లెక్క నిదానంగా పెట్టినావేమో!

… ఏమ్మా? మీరు గూడా లెక్కపెట్టినారా? … అరవై నాలుగా? … గడియారం చూసి? అన్నా, విన్నావా! ఎక్స్ఛేంజి గడియారం చూసి చెప్తుండాది! పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు నిమిషాలు కొలిచేదే ఆమె ఉద్యోగం. నువ్వు వేళ్ల మీద పెట్టిన లెక్క దాని ముందర నిలబడతాదా?

… నిజంగానా?

… ఎగ్జిబిషన్ దాకా నా దగ్గరనే?

… ఏం లేదన్నా. పొగ. ఆముదం కలిపిన పెట్రోలు గదా ఇది, కండ్లు మండుతాయి.

… పెట్రోలు కాదు, స్పిరిట్టు. ఆ, తెలుసు. నోటుబుక్కులో ఉండాది. ఇప్పుడు నోటికొచ్చింది చెప్పినా.

రేపు మాత్రం రా అన్నా. ఎత్తుకుపోయేదానికి కాదు, అన్నానికి. ఫక్రున్నీసా వదినను గూడా పిల్చుకొని రా. … అమ్మా, మీరు గూడా ఎగ్జిబిషనుకు రండి. మీ గడియారం తెచ్చుకోండి.

… మా నాయనా? ఏమీ అనలేదన్నా. మిషను చుట్టూ తిరుగుతుండాడు. … ఇప్పుడు వంగినాడు. … పంచె ముడిలోనుంచి ఏందో తీస్తుండాడు…

నిమ్మకాయ. దారం. మిరపకాయలు.

నాయనా! … అన్నా, తోక పక్కకు పోతుండాడు, పెట్టేస్తుండా! నాయనా, కట్టొద్దు! తోకకు కట్టొద్దు…