తెలుగు లైనుకు సూదంటే భయం

కోయంబత్తూరు నుంచి పోదనూరు పోయే దారిలో ఒక నూలు మిల్లు, మిల్లు వెనక కూలీల ఇళ్ళ లైన్లు. చుట్టుపక్కల పెద్దమ్మవారు తిరుగుతున్న ఎండాకాలం. తెలుగు లైనుకు పెద్దదిక్కయిన రామాయి ఇంటి ముందు, భుజాన పెట్టె తగిలించుకుని, టీకాలు వేసే గోవిందరాజన్ నిలబడి ఉన్నాడు.

"అట్లంటే ఇవాళా కాదంటావు."

"నేనెక్కడ కాదన్నాను సామీ? కూర్చోండి అంటా ఉండాను. ఎండ చూడండి, ఎట్ల కాస్తా ఉందో."

"కూర్చునేదానికి రాలేదు రామాయీ. ఎన్నాళ్ళుగా తిరుగుతా ఉండాను నీ వాకిటికి!"

"వాకిటికా? వీధి మొదట్లో నిలబడి కేకేసి పోయినారు. వాకిటి దాకా వచ్చింది ఇవాళే."

"సరి, వచ్చినాను గదా. పిలువు అందరినీ."

"అందరూ ఎక్కడుండారు? షిఫ్టుకు పోయినారు."

"నైట్ షిఫ్టు వాళ్ళు?"

"నిద్దరపోతా ఉండారు."

"పిల్లకాయలు?"

"ఆడుకునేదానికి పోయినారు."

"ముసలోళ్ళు?"

"వాళ్ళకి చెవులు వినపడవు సామీ."

"టీకా చెవికి వేసేది కాదు!"

"అదీ నిజమే. యేసుదాసూ! ఒరే యేసుదాసూ! మీ ఇంట్లో స్టూలు ఎత్తుకొని రా. సామి నిలబడే ఉండాడు."

"ఏమత్తా, ఈయన ఇంకా పోలే... వణక్కం సార్! బాగుండారా సార్?"

"బాగుండాను యేసుదాస్. నువ్వు దూది దువ్వే కార్డింగులో పని చేసేవాడివి, పేపరు చదివేవాడివి. నువ్వైనా మీ అత్తకి చెప్పరాదా?"

"ఏం చెప్పమంటారు సార్?"

"టీకా వేసుకుంటే అమ్మవారు రాదని."

"చెప్పినాను సార్. అందరికీ తెలుసు సార్."

"తెలిస్తే ఏమిటికి వద్దంటారు మరి?"

"అది... అత్త చెప్తుంది సార్."

"నాకేం తెలుసు? నేను పేపరు చదవను గదా."

"చూడు రామాయీ, నా కష్టం విను. మలయాళం లైనులో నేను అడగక ముందే చేతులు చాపినారు. తమిళ లైనులో మారియమ్మకు కూళు, అదే అంబలి, పోసి, పూలు పెట్టి, ఆమె సరేనందని వరసగా వచ్చినారు. పోదనూరు రైల్వే కాలనీలో ఆంగ్లో-ఇండియన్ వాళ్ళయితే చొక్కా చేతులు మడిచి పెట్టుకొనే వచ్చినారంట. మిగిలింది మీరే. మా ఆఫీసర్ నన్ను చూసి ఏమంటాడో తెలుసా? 'ఏం గోవిందరాజన్, మీ తెలుగోళ్ళ జాతికే సూదంటే భయమా?' అంటాడు."

"దానికి మీరేమన్నారు?"

"ఏమంటాను? మా ఇంట్లోనూ తెలుగే గదా. తల వంచుకొని వచ్చినాను."

"అందుకేనా ఈ పక్కకి మిమ్మల్నే పంపించినారు?"

"ఆమా. భాష తెలిసినోడు పోతే వింటారని."

"భాష ఒకటే సామీ. వీధి ఒకటి కాదే. ఒక మాట అడుగుతాను, కోపపడవద్దు. మీ అంగళ్ళ వీధిలో టీకా సూది కుత్తినారా?"

"మా వీధిలోనా? అది వేరే."

"ఎట్ల వేరే?"

"వాళ్ళు వద్దనలేదు. ఒకరింట్లో పెండ్లి, ఒకరింట్లో నోము, ఒకరికి అంగట్లో సరుకు దిగింది. రేపు రా నైనా అన్నారు. కాపీ ఇచ్చినారు."

"రేపు పోయినారా?"

"పోయినాను."

"కుత్తినారా?"

"మళ్ళీ కాపీ ఇచ్చినారు."

"ఓహో."

"కాపీ మటుకు చిక్కగా బాగుండింది."

"నవ్వకురా యేసుదాసూ! అయితే సామీ, మీ అంగళ్ళ వాళ్ళకి సూదంటే భయమని ఆఫీసర్‌కి చెప్పినారా?"

"లేదు... తీరిక లేదంట అని చెప్పినాను."

"మేము రాకపోతే భయం. వాళ్ళు రాకపోతే తీరిక లేదు. ఇద్దరూ తెలుగోళ్ళే. భలే బాగుండాది!"

"నువ్వు మాటలు తిప్పుతా ఉండావు. సరి, మీకు భయం లేదు, ఒప్పుకున్నాను. అట్లయితే ఏమిటికి? అమ్మవారికి కోపం వస్తుందనా?"

"అమ్మవారికి మా మీద ఏం కోపం? ఆమె అన్ని లైన్లకీ ఒకటే మాదిరి వస్తుంది. వచ్చే మనుషులే వేరే వేరేగా వస్తారు."

"అర్థం కాలేదు."

"మీకు ముందర ఒకాయన వచ్చినాడు చూడండి, మీసాలాయన."

"తెలుసు. బదిలీ అయిపోయినాడు."

"ఆయన తమిళ లైనులో బెంచీ వేయించుకున్నాడు. వాళ్ళ కుండలో నీళ్ళడిగి తాగినాడు. పిల్లకాయలకి కథలు చెప్పినాడు. మా దగ్గరికి వచ్చేసరికి, ఆ మురికి కాలవ పక్కన, నడి ఎండలో మమ్మల్ని వరసగా నిలబెట్టినాడు. మొదట నిలబడింది మా నాగమ్మాళ్ అవ్వ. ఆమె చేయి పట్టుకునేదానికి ముందు ఆయనేం చేసినాడో తెలుసా? తన చేతికి గుడ్డ చుట్టుకున్నాడు."

"గుడ్డా? ఏమిటికి?"

"మీకు తెలియదా సామీ?"

"నువ్వే చెప్పు రామాయీ."

"మమ్మల్ని తాకకుండా కుత్తాలంట. అవ్వ ఆ గుడ్డని చూసింది, ఆయన ముఖం చూసింది. 'నన్ను తాకనోడి సూది నా రక్తంలోకి ఎందుకురా' అని కొంగు దులుపుకొని ఇంట్లోకి పోయింది. అవ్వ పోతే మేము నిలబడతామా? అందరం పోయినాము."

"ఇది నాకు ఎవరూ చెప్పలేదు రామాయీ."

"ఎవరు చెప్తారు? తెలుగు లైనుకు భయమంట అని చెప్పుకునేది సులువు గదా."

"నేను గుడ్డ తెచ్చుకోలేదు."

"చూసినాను. మీరు వచ్చినప్పటి నుంచీ మీ చేతులే చూస్తా ఉండాను. అందుకే స్టూలు తెమ్మన్నాను."

"స్టూలు తెచ్చినాడు గాని దాని మీద తనే కూర్చున్నాడు."

"అయ్యో, సారీ సార్! కథ వింటా మరిచిపోయినాను. కూర్చోండి సార్."

"పరవాలేదు. రామాయీ, ఆ మనిషి చేసింది తప్పే. కాదనను. కానీ ఆయన మీద కోపం మీ ప్రాణం మీదికి తెచ్చుకుంటే ఎట్ల?"

"అదీ నిజమే. సామీ... ఊరికే అడుగుతా ఉండాను. మరీ చిన్న పిల్లలకి వేస్తారా ఇది?"

"వేస్తాము. ఎంత చిన్న?"

"ఊరికే అడిగినాను. జ్వరం వస్తుందా?"

"కొంచం వస్తుంది. పొక్కు లేస్తుంది, ఎండి రాలిపోతుంది. అంతే."

"పాలు తాగుతుందా?"

"ఎవరు?"

"ఎవరూ కాదు. తాగేవాళ్ళు."

"లోపల ఏమిటి, ఏడుపు వినపడుతా ఉంది?"

"పిల్లి."

"పిల్లి ఇట్ల ఏడుస్తుందా?"

"మిల్లు పిల్లి సార్. దూది గొంతులో పడి అట్ల అయింది."

"యేసుదాస్! నాకూ ఇద్దరు పిల్లలు ఉండారప్పా."

"నోరు మూసుకోరా యేసుదాసూ. సామీ, మీతో ఇంక దాచేది ఏముంది? నా కూతురు వళ్ళి. ఉడుమలైపేటలో ఇచ్చినాము. పురిటికని ముందే వచ్చేసింది. ఆడపిల్ల పుట్టింది. ఎదురు లైనులో, ఊరి నుంచి కొత్తగా వచ్చినోళ్ళ వాకిటికి, అమ్మవారు వచ్చిందని నిన్న వేపాకు కట్టినారు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు. ఆ పిల్లకి ఏమన్నా అయితే..."

"వేపాకు కట్టినారా? అది ముందర చెప్పకుండా నాతో కాపీ కథలు చెప్పించినావా! ఎక్కడుంది పాప?"

"లోపలికి వస్తారా?"

"రాకుండా ఎట్ల వేసేది? తప్పుకో. యేసుదాస్, వేడినీళ్ళు. సబ్బు ఉందా?"

"ఉంది సార్, కొత్తది!"

"వళ్ళీ, కొంగు సరిచేసుకో. సామి వస్తా ఉండాడు."

"లేయవద్దు తల్లీ, పడుకో. చేతులు కడుక్కుంటాను. పాపని ఇట్లియ్యి."

"అణ్ణా, మీ ఒళ్ళోనా? పంచె తెల్లగా ఉండాది..."

"ఉండనీ. పంచె ఉతుక్కోవచ్చు. పేరేమి?"

"ఇంకా పెట్టలేదు అణ్ణా. బంగారు అని పిలుస్తా ఉండాము."

"బంగారూ... ఇటు చూడు. మామని చూడు. అదిగో, అంతే. అంతే. అయిపోయింది తల్లీ, అయిపోయింది. ఏడువు, బాగా ఏడువు. మీ అవ్వని పిలిచి చెప్పు, మామ కుత్తినాడని."

"అయిపోయిందా? ఇంతేనా?"

"ఇంతే. ఆ చోట రుద్దవద్దు, గీకనీయవద్దు, పాలు ఇస్తా ఉండు... అయ్యయ్యో! అయ్యయ్యో, పంచె!"

"అయ్యో సామీ! తడిపేసిందా?"

"నిండా తడిపింది. నవ్వు యేసుదాస్, బాగా నవ్వు."

"నవ్వలేదు సార్. దగ్గు."

"సరి. పాపకి అయింది. ఇప్పుడు నువ్వు కూర్చో రామాయక్కా, చేయి చాపు. నువ్వు వేసుకుంటే లైనంతా నీ వెనకాలే వస్తుంది."

"నాకొద్దు సామీ."

"మళ్ళీ మొదటికొచ్చినావా!"

"వద్దు. మీ మందు ఎందుకు దండగ?"

"దండగ ఏమిటి? మనవరాలికి వేయించి నువ్వు వద్దంటే ఏమి న్యాయం?"

"యేసుదాసూ, వాకిలి మూయి."

"అత్తా, చెప్పేస్తావా? మనం అనుకున్నది..."

"మూయరా అంటే. ఒళ్ళో పిల్లని పెట్టుకున్న మనిషి దగ్గర ఇంక దాచలేను. సామీ, ఇటు చూడండి, రవిక చేయి కింద."

"ఏమిటిది? మచ్చ... పొక్కు ఎండి రాలినట్టు... రామాయక్కా! ఇది టీకా గదా!"

"ఆమా."

"ఎవరు వేసినారు?"

"పోదనూరు రైల్వే కాలనీలో ఒక నర్సమ్మ. ఆంగ్లో-ఇండియన్ ఆమె. యేసుదాసు పెద్దమ్మ ఆ నర్సమ్మ ఇంట్లో ఆయాగా ఉంది. కాలవ దగ్గర జరిగిందంతా ఆమెతో చెప్పిందంట. 'ఆదివారం అందరినీ తీసుకొని రా' అన్నదంట ఆ నర్సమ్మ."

"యేసుదాస్, నువ్వూనా?"

"నేనే ముందర సార్. అందరికీ ధైర్యం రావాలని."

"వళ్ళీ?"

"నాకూ వేసినారు అణ్ణా. అప్పుడు ఇది కడుపులో ఉండింది."

"నాగమ్మాళ్ అవ్వ?"

"ఆమెనే పట్టలేకపోయినాము. నర్సమ్మ ఆమె చేయి తన చేతిలో పెట్టుకొని 'పాట్టి, ఉంగ పేరు ఎన్న?' అని, అవ్వా అని పిలిచి పేరడిగింది. అవ్వ ఆ సంతోషంలో రెండో చేయి కూడా చాపింది."

"ఆ నర్సమ్మకి తెలుగు వస్తుందా?"

"తెలుగా? ఒక ముక్క రాదు. తమిళమే సగం సగం."

"భాష తెలిసినోడు పోతే వింటారని నన్ను పంపించినారు! లైనంతా వేసుకున్నారా?"

"లైనంతా."

"అందుకేనా ఈ ఎండలో మొగోళ్ళందరూ చొక్కాలు వేసుకొని తిరుగుతా ఉండారు! నాకు తట్టనే లేదు. అది సరి, ఇన్నాళ్ళు నన్ను ఏమిటికి తిప్పినట్టు? ఒక మాట చెప్పి ఉంటే అయిపోయేది గదా!"

"అయిపోయేది సామీ. అదే మాకు భయం."

"అంటే?"

"నేను కోడలుగా వచ్చినప్పటి నుంచీ ఈ లైనులోకి మేనేజర్ కాలు పెట్టింది లేదు. మేము కుత్తు వద్దన్నాము, మరునాడే వచ్చినాడు. కాలవలో మురికి తీయించినారు. తెల్లపొడి చల్లినారు. వీధి చివర దీపం పెట్టినారు. మేనేజరే నా ముందర నిలబడి 'మీకేం కావాలి రామాయీ' అని అడిగినాడు. నాకు నోట మాట రాలేదు."

"నీకా?"

"నాకే! తరవాత వచ్చింది. నీళ్ళ కొళాయి కావాలన్నాను. మా ఆడోళ్ళు తమిళ లైను కొళాయి దగ్గర ఎడంగా నిలబడి ఉండాలి సామీ. వాళ్ళందరూ పట్టుకున్నాక, ఎవరన్నా మనసుపడి మా బిందెలో పోస్తే ఉంది, లేదంటే లేదు. ఇప్పుడు గొట్టం ఈ మూలదాకా వచ్చేసింది. కొళాయి ఒకటి బిగించాలి. ఎల్లుండి బిగిస్తామన్నారు. మేమందరం వేసుకున్నామని తెలిస్తే, ఎల్లుండి ఎవరొస్తారు?"

"నాకు నవ్వొస్తా ఉంది, కోపమూ వస్తా ఉంది."

"తిట్టండి. ఆఫీసర్‌తో చెప్పేయండి. అన్నీ తెలిసే మిమ్మల్ని లోపలికి పిలిచినాను. కొళాయి పోతే పోనీ. పాప ఉంది, చాలు."

"అత్తా! జీపు! జీపు వచ్చింది! ఆఫీసర్ దిగుతా ఉండాడు, మేనేజర్ కూడా ఉండాడు!"

"పోండి సామీ. పోయి చెప్పేయండి."

"ఉండక్కా. యేసుదాస్, ఆ సబ్బు, ఆ నీళ్ళు తీసేయ్. వళ్ళీ, పాపని కొంగులో కప్పు, పాలియ్యి. అక్కా, నీకు తిట్టేదానికి వస్తుందా?"

"ఎవరిని?"

"నన్ను."

"మిమ్మల్నా! అయ్యో, నా నోరు రాదు సామీ."

"రావాలి. గట్టిగా, జీపు దాకా వినపడాలి. తెలుగులోనే తిట్టు. వాళ్ళకి అర్థం కాదు గాని కోపం మటుకు తెలియాలి. ఊఁ!"

"ఏ... ఏమయ్యా కుత్తుకారాయనా! పోవయ్యా బయటికి! పంచె తడుపుకొని వచ్చి మాకు బుద్ధి చెప్తావా? ముందు పోయి పంచె మార్చుకో! కాపీ తాగేదానికి పోయినావా, పని చేసేదానికి పోయినావా?"

"బాగుంది, ఇంకా!"

"మా పాప నిన్ను చూసి నవ్వాలంటే వారానికొకసారి వచ్చి పో! రాకపోతే చూడు!"

"అది తిట్టు కాదక్కా... సరిలే, చాలు. వాకిలి తీయి యేసుదాస్, నన్ను బయటికి తోసినట్టు తొయ్యి. ఆఫీసర్‌తో తమిళంలో నేను చెప్పుకుంటాను. వాంగ సార్, వాంగ! లోపలికి పోవద్దు సార్, చూసినారు గదా నా గతి! నేను ఎంత చెప్పినా వినలేదు సార్, కొళాయిలో నీళ్ళు చూసేదాకా ఒక్కరూ చేయి చాపరంట. అది ఇవాళే బిగించేయండి సార్, రేపు పొద్దున్నకి లైనంతా నేను ముగించి చూపిస్తాను!"