ఉంగరపు వేలి వాంగ్మూలం

కొరాపుట్ కొండమీది ఆరోగ్య ఉపకేంద్రంలో, స్వీయ యంత్రసమేతంగా భువనేశ్వర్ నుంచి వేంచేసిన ఆచార్య అనాదిచరణ్ పట్నాయక్ వారికీ, నర్సు సుకాంతి జానీకీ జరిగిన సంవాదం.

"సంతకమే కదా దీదీ! 'ఈ రక్తపరీక్ష యంత్రం కొండమీదా పనిచేస్తోంది' అని ఒక్క ముక్క. అది లేనిదే సర్కారు కొనదు."

"పెడతాను సార్, కూర్చోండి. మూడేళ్ల కిందట ఇదే యంత్రంతో నేను కింది ఊళ్లో అందరి రక్తం చూశాను, గుర్తుందా?"

"అది పాత నమూనా..."

"అందరికీ హిమోగ్లోబిన్ ఏడులోపే. గర్భిణులకూ, కుస్తీ పట్టే మగాళ్లకూ! ఐరన్ మాత్రలు నేను పంచకుండా అమ్ముకున్నానని తేల్చి, రోడ్డే లేని ఈ కొండకు విసిరారు. ఆ నివేదిక కింద తమ దస్కతు."

"పాత గొడవలెందుకు దీదీ?"

"ఎందుకులెండి. ఉంగరపు వేలు ఇలా ఇవ్వండి. సృష్టికర్తకే తొలి నైవేద్యం."

"నాకా? నాకెందుకు?"

"సూదంటే భయమా?"

"భయమా! చూడండి. ఇలా గుచ్చాలి, ఇలా గట్టిగా పిండాలి..."

"తడిబట్ట పిండినట్టు పిండమని మాకు నేర్పింది మీరే. ఎంతొచ్చింది?"

"ఆరూ పాయింట్... ఒకటి. ఛ!"

"ఏడుకు తగ్గితే?"

"ఏమో."

"మీ పుస్తకం, పదో పేజీ. 'రోగి నడవరాదు. ఆసుపత్రికి మోసుకుపోవలెను.' ఒరే సుక్రా, బుదురా! డోలీ తెండిరా!"

"ఆగండాగండి! నాలుగు గంటల దిగుడు, దారిపొడుగునా జనం! అది తప్పుడు అంకె దీదీ. వేలు పిండితే రక్తంలో కండలోని నీరు కలుస్తుంది, అంకె పడిపోతుంది."

"మళ్లీ చెప్పండి."

"పిండితే... పడిపోతుంది."

"అప్పుడూ?"

"అప్పుడూ అంతే."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"...రెండేళ్లుగా. పిండే అలవాటే చేతికి పోలేదు."

"రెండేళ్లు! ఇదిగో కాగితం. కలెక్టరు గారికి రాయండి. సుకాంతి జానీ ఒక్క మాత్రా అమ్ముకోలేదు, తప్పు నేను నేర్పిన పద్ధతిది అని."

"రాస్తే డోలీ వద్దంటారా?"

"రాయండి."

"...ఇదిగో. దస్కతూ పెట్టాను. చల్లబడ్డారా?"

"ఇంకా లేదు. రెండో చెయ్యి ఇవ్వండి. ఈసారి పిండను. మొదటి చుక్క తుడిచేసి, రెండోది దానంతటది ఊరనిస్తాను."

"మళ్లీ ఎందుకు? మీ పని అయిపోయిందిగా!"

"ఆరూ పాయింట్ ఆరు."

"అంటే... నిజంగానే...?"

"యంత్రం మంచిదే సార్, సంతకం పెట్టేశాను. ఇక డోలీ ఎక్కండి. గడప దాటేటప్పుడే మీ కనురెప్పల లోపల రక్తం లేని తెలుపు చూశాను, అప్పుడే చెప్పేస్తే ఈ కాగితం మీచేత ఎవరు రాయించేవారు?"