ఇద్దరిని మోసే పడవ

పనాయ్ దీవి ఉత్తరపు ఒడ్డున, పడవలు కట్టే ముసలి సెవెరో పాకలో, ఒరిగిపోకుండా రెండు పక్కలా ఆపే వెదురుబొంగులు ఇంకా కట్టని ఒక సగం పడవ చుట్టూ ముగ్గురు నిలబడ్డారు: సెవెరో, జాలరి నుల్ఫో, అతని భార్య సాల్వా. తమ్ముడు క్రిస్పిన్ సముద్రంలో పోయి ఆర్నెల్లయినా సాల్వా నల్లబట్టలు విప్పలేదు. మొగుణ్ణి కూడా ఆ సముద్రానికే అప్పజెప్పేది లేదని ఆమె పంతం. అక్కడ పెద్దాయన్ని ‘తియో’ అనీ, పెద్దవాళ్ళు అబ్బాయిని ‘తోతో’ అనీ, అమ్మాయిని ‘ఇందాయ్’ అనీ పిలుస్తారు.

“పరువా? పరువు మోయడానికి పడవెందుకు తోతో? మీ ఇంటిపేరు మోస్తోందిగా!”

“పరువు కాదు తియో, బరువు! బరువు ఎంత మోస్తుందీ అంటున్నా.”

“అలా అరిచి చెప్పు మరి. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన పనిచేసిన చెవులివి. ‘బ’కీ ‘ప’కీ ఎప్పుడో పెళ్ళి చేసేశాయి. సరే, ఏం బరువు? చేపలా, పీతలా, మీ ఆవిడా?”

“మనిషి బరువు.”

“లోపల కూర్చున్న మనిషా?”

“లోపల కాదు. బయట. అంటే... పక్కన. సరేలే, ముందు పొడుగు సంగతి మాట్లాడుకుందాం.”

“తియో, ఆయన మాటలు పట్టించుకోకు. మేం వచ్చింది కొత్తదాని కోసం కాదు. ఇంటి వెనకాల పాతది బోర్లించి ఉందిగా, దానికి రెండు చెక్కలు మార్చి రంగు వేసివ్వు, చాలు. అఖాతంలో పీతల బుట్టలు వేసుకుంటాడు. నడుంలోతు నీళ్ళు. పడ్డా లేచి నిలబడొచ్చు.”

“సబబుగా ఉంది ఇందాయ్. పడవంటే అదీ! ‘పడవా?’ అని అడిగితే ‘పడను’ అనాలి.”

“ఆ పడవ నేనెక్కను.”

“విన్నావా తియో? ఆర్నెల్లనుంచీ ఇదే పాట. ఎక్కడు, తాకడు. దాని కింద కోడి గుడ్లు పెడుతుంటే అవి తియ్యడానిక్కూడా అటు వెళ్ళడు. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే నేను ఊళ్ళోవాళ్ళ పీతలు ఒలవబట్టి. చూడు ఈ వేళ్ళు, పీతలే నయం.”

“కొత్తది కావాలి తియో. అఖాతంలోనూ తిరగాలి, లోతునీళ్ళకీ వెళ్ళాలి.”

“మళ్ళీ మొదలు! లోతునీళ్ళకి నువ్వెందుకు?”

“వెళ్తాననలేదే. వెళ్ళగలగాలి అన్నాను.”

“వెళ్ళనివాడికి వెళ్ళే పడవెందుకయ్యా?”

“ఆగండాగండి. మొగుడూ పెళ్ళాల మధ్య మాట, ఉలికీ సుత్తికీ మధ్య వేలు. చూడు తోతో, నువ్వడిగేది అత్తకీ కోడలికీ ఒకే గౌను కుట్టమన్నట్టుంది. అఖాతంలో తిరగాలంటే అడుగు తేలికగా ఉండాలి, పక్కబొంగులు దగ్గరగా ఉండాలి. లేకపోతే మడచెట్ల సందుల్లో పీతలకంటే ముందు నువ్వే చిక్కుతావు. లోతునీళ్ళకైతే అడుగు బాగా దిగాలి, పక్కబొంగులు దూరంగా ఉండాలి, గద్ద రెక్కలు చాపినట్టు. రెండూ ఒకేదాంట్లో కావాలంటే అది పడవ కాదు, గొడవ.”

“మధ్యస్తంగా కట్టలేవా?”

“మధ్యస్తం అంటే రెండుచోట్లా పనికిరానిదని. మా ఆవిడ నా గురించి చెప్పేదీ అదే.”

“చూశావా నుల్ఫో? కట్టేవాడే చెప్తున్నాడు.”

“అడ్డకర్రలు పొడుగ్గా పెట్టి, అఖాతంలోకి వచ్చినప్పుడు బొంగులు లోపలికి జరుపుకునేలా చేస్తే?”

“జరిపేవి కాస్తా జారేవి అవుతాయి. ఊఁ... రెండేసి చోట్ల గాడి కొట్టి, తాడు బిగిస్తే... ఏమో, కుదరొచ్చు. ఇన్నేళ్ళలో ఎవడూ అడగలేదు నన్ను. బుర్ర పెట్టి ఆలోచించావే! ఎన్ని మూరలు చాపమంటావు?”

“ఒక మనిషి నీళ్ళలోంచి పక్కబొంగు పట్టుకుని వేలాడితే పడవ ఒరగకూడదు. అన్ని మూరలు.”

“ఎంత మనిషి?”

“నా అంత. ఇంకొంచెం ఎక్కువే. తడిబట్టలతో.”

“పడవలో ఎందరుండగా?”

“ఒక్కడే. ఆ ఒక్కడూ అటువైపే వచ్చి, వంగి, చెయ్యిచ్చి పైకి లాగాలి. మునక్కుండా.”

“ఏం లెక్కలివి నుల్ఫో? నడుంలోతు నీళ్ళలో ఎవడు వేలాడతాడు?”

“ఊరికే అడుగుతున్నా సాల్వా.”

“ఊరికే కాదు. మళ్ళీ లోతునీళ్ళలో చేపలు చేరడానికి కట్టిన ఆ తెప్పల దగ్గరికి వెళ్దామనుకుంటున్నావు. అక్కడ సూరచేపలు ఎగబడుతున్నాయని రేవులో చెప్పుకుంటుంటే విన్నావు, నేనూ విన్నాను. మా వాడూ అంతేగా, ‘ఒక్కసారి అక్కా, ఒక్కసారి’ అన్నాడు. ఆ ఒక్కసారికే...”

“వెళ్ళనని చెప్పాను కదా! ఇంకెలా చెప్పాలి? అఖాతంలోనే తిరుగుతాను. కానీ అలాంటి పడవలోనే తిరుగుతాను. అది లేకపోతే మోకాలి లోతులో కూడా కాలు పెట్టను.”

“పిచ్చా నీకు?”

“తీరం దాటిన కోరిక తీరదంటారు ఇందాయ్. ఇతనిది తీరం దాటనంటున్న కోరిక, కాస్త విందాం...”

“నువ్వాగు తియో! నీ మాటలకి నవ్వే ఓపిక లేదు నాకు. అసలు ఆ మాటకొస్తే నువ్వు...”

“చెప్పు.”

“ఏం లేదు.”

“ఉంది. మధ్యలో మింగితే ముల్లు గుచ్చుకుంటుంది, కక్కెయ్.”

“ఏం లేదన్నాగా తియో.”

“అయితే నేనే చెప్తా. సెవెరో పక్కబొంగులు కుదించాడు, అందుకే పడవ బోల్తా పడింది, కుర్రాడు పోయాడు. అదేగా ఊరంతా అనేది?”

“నేననలేదు.”

“నువ్వనలేదు. నీ వెనకాల నిలబడ్డవాళ్ళన్నారు. కుర్రాడి కోసం పెట్టిన తొమ్మిదిరోజుల ప్రార్థనకి మీ ఇంటికొస్తే నేను కూచున్న బెంచీ మీద ఇంకెవరూ కూచోలేదు. పాతిక మంది నిలబడ్డారు, బెంచీకి నేనొక్కణ్ణే! ఈ సగం పడవ ఎందుకు సగంలో ఉందనుకున్నావు? కట్టమన్నవాడు పక్కఊరెళ్ళి ఇంకొకడితో కట్టించుకున్నాడు. ఆర్నెల్లలో ఈ పాకలోకి వచ్చింది మీరిద్దరే.”

“బొంగులు కుదించమన్నది మేమే తియో. నేనూ క్రిస్పినూ. మడచెట్లలో పట్టడం లేదని.”

“అవును. ‘ఇక దీన్ని బయటి సముద్రానికి తీసుకెళ్ళకండి’ అని కూడా చెప్పాను.”

“చెప్పావు.”

“తీసుకెళ్ళారు.”

“తీసుకెళ్ళాం.”

“సరే. ఇప్పుడు నన్నో మాట అడగనీ తోతో. నా వయసుకి మర్యాదిచ్చి చెప్పు. బోల్తా పడిందా?”

“పడింది. చెప్పాగా. అందరికీ చెప్పాగా.”

“ఇప్పుడెందుకివన్నీ తియో? పడింది. అల వచ్చి తిరగేసింది. ఈయన తేలాడు, వాడు తేలలేదు. ఎన్నిసార్లు వినాలి నేను?”

“ఇందాయ్, ఆ పొద్దున పడవని ఒడ్డుకి లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. వెనకవైపు పట్టుకున్నాను. ఇంజను మీద చెయ్యిపడి బొబ్బెక్కింది. ఇదిగో మచ్చ.”

“అయితే?”

“పడవ తిరగబడితే ఇంజను ఉప్పునీళ్ళు తాగుతుంది. తాగిన ఇంజనూ తాగిన మనిషీ ఒకటే, ఎంత తన్నినా లేవరు. విప్పాలి, కడగాలి, ఆరబెట్టాలి, రెండ్రోజుల పని. ఆ పొద్దున అది తనే నడుచుకుంటూ వచ్చింది. కాలిపోతూ వచ్చింది.”

“నుల్ఫో, తియో ఏమంటున్నాడు?”

“నేనెవరితోనూ అనలేదు ఇందాయ్. చావింట్లో ఏమని అడగను? తనే చెప్తాడులే అని చూశాను. వారం చూశాను, నెల చూశాను. ఊరు నన్ను తిడుతుంటే, పోనీ, దాంతో ఇతనికి నిద్ర పడుతోందేమో అనుకున్నాను.”

“పట్టలేదు తియో.”

“నా మొహంలోకి చూడు నుల్ఫో. పడవ తిరగబడలేదా?”

“లేదు.”

“మరి వాడు?”

“గాలం తాడు లాగుతూ కాలు జారి పడ్డాడు.”

“వాడికి ఈతొచ్చు.”

“వచ్చు. ఈదుకుంటూ వచ్చి పక్కబొంగు పట్టుకున్నాడు. నవ్వాడు కూడా. ‘బావా, ఇవాళ చేపే నన్ను పట్టింది’ అన్నాడు.”

“తర్వాత?”

“వాడు పట్టుకోగానే పడవ అటు ఒరిగింది. నీళ్ళు లోపలికొచ్చేస్తున్నాయి. నేను ఇటు చివరకి జరిగి కూచుంటే కాస్త నిలబడుతోంది, కానీ అక్కణ్ణుంచి చెయ్యి అందదు. చెయ్యిద్దామని అటు వెళ్తే ఇంకా ఒరుగుతోంది. వెళ్ళాను, వచ్చాను, వెళ్ళాను, వచ్చాను. ఇంకొక్క అల పడితే ఇద్దరం పోయేవాళ్ళం సాల్వా.”

“అక్కడే వదిలేసి వచ్చావా?”

“లేదు! తెల్లవార్లూ ఆ చీకట్లో అక్కడే తిరిగాను. గొంతు పోయేదాకా పిలిచాను. తిరగని చోటు లేదు.”

“ఎందుకు తిరగడం? పట్టుకున్నాడన్నావుగా! పట్టుకున్నవాడు ఎలా పోతాడు? చెయ్యి జారిందా?”

“ఇందాయ్, కాస్త కూచో. అతన్ని...”

“నువ్వుండు తియో. నుల్ఫో, వాడి చెయ్యి జారింది. జారిందని చెప్పు. జారిందని చెప్పవయ్యా!”

“జారలేదు సాల్వా. ‘వదిలెయ్ క్రిస్పిన్, నీళ్ళు తోడేసి, తిప్పుకొచ్చి ఎక్కించుకుంటా’ అన్నాను. ఎందుకని కూడా అడగలేదు. ‘సరే బావా’ అని వదిలేశాడు.”